బిన్ ఖాళీ అయితేనే లాట్ మారినట్టు: ఒక కారం మిల్లు కేసు

నేపథ్యం

గుంటూరు చుట్టుపక్కల నడిచే మధ్యస్థాయి కారం పొడి యూనిట్ ఇది. రోజుకు సుమారు 4.8 టన్నుల పొడి తీస్తుంది. అందులో కొంత 100, 200, 500 గ్రాముల ప్యాకెట్లుగా డిస్ట్రిబ్యూటర్లకు వెళ్తుంది. మిగతాది 25 కిలోల సంచుల్లో పచ్చళ్ల తయారీదారులకూ, ఒక ఎగుమతిదారుకూ వెళ్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా సరుకు యార్డు నుంచి, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీల నుంచి వస్తుంది. ఘాటు కోసం తేజ రకం మిర్చి, రంగు కోసం బాడిగ, రెంటికీ మధ్యలో 334 రకం. మూడింటినీ కలిపి ఆడిస్తారు.

యూనిట్ ఎవరిదో తెలిసే వివరాలన్నీ తీసేశాం. మిల్లు పని చేసే తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది, ఎందుకంటే తప్పు జరిగింది అక్కడే.

ముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి. మిర్చి యార్డులో లాట్ అంటే ఒక రైతు తెచ్చి దించిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. దానికో నంబరు, కమీషన్ ఏజెంటు చీటీ, కాటా తూకం ఉంటాయి. ఆ సరుకు మిల్లు గేటు దాటగానే ఈ నంబరు చీటీతో పాటు అకౌంట్స్ ఫైల్లోకి వెళ్లిపోతుంది. లోపల సరుకును గుర్తు పెట్టుకునేది ‘మొన్నటి లారీ’, ‘గోడవార ఉన్న తేజ’ అనే మాటలతోనే. పొడి ప్యాకెట్‌లోకి వెళ్లాక మళ్లీ ఒక నంబరు పుడుతుంది. ఈ యూనిట్‌లో అది ప్యాకింగ్ తేదీయే, ఆరంకెలు. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద లాట్ లేదా బ్యాచ్ నంబరు ఉండాలి, ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లెవరూ తప్పు పట్టలేదు. మొదటి నంబరుకూ రెండో నంబరుకూ మధ్య ఏముందో ఎవరూ అడగలేదు.

వచ్చిన సమస్య

ఆగస్టులో ఎగుమతిదారు ఫోన్ చేశాడు. ఒకే బ్యాచ్ నంబరుతో వెళ్లిన 160 సంచుల్లో, అంటే 4 టన్నుల్లో, అఫ్లాటాక్సిన్ బీ1 (బూజు వల్ల పుట్టే విషం) కిలోకు 8.1 మైక్రోగ్రాములు వచ్చింది. మిరప వంటి మసాలాలకు యూరప్‌లో బీ1 పరిమితి 5, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10. ఇక్కడ మొత్తం 9.4. అంటే రెండో గీతకు ఇవతలే ఉండి మొదటి గీత దాటింది. మన దేశంలో పరిమితి ఇంకా సడలింపుగా ఉంటుంది కాబట్టి ఇక్కడి అమ్మకానికి చట్టరీత్యా అడ్డు లేదు. కానీ ఎగుమతిదారు అడిగింది వేరే ప్రశ్న: ‘ఇదే కాయ ఇంకా ఏయే బ్యాచ్‌ల్లోకి వెళ్లింది? మీ దగ్గర నేను తీసుకున్న మిగతా సరుకు పంపొచ్చా, ఆపాలా?’

యూనిట్ దగ్గర జవాబు లేదు. నంబరు చూస్తే ఆ పొడిని ఏ రోజు సంచిలో పోశారో తెలుస్తుంది. అందులో ఏ కాయ ఉందో తెలియదు.

మొదటి ప్రయత్నం: మళ్లీ పరీక్ష

యజమానికి ముందు తోచింది, దాచిన శాంపిల్‌ను ఇంకో ల్యాబ్‌కు పంపడం. ఫలితం 3.9, పాస్. ఆ రిపోర్టు ఎగుమతిదారుకు పంపేస్తే గొడవ సద్దుమణుగుతుందన్నారు. వద్దని చెప్పాల్సి వచ్చింది.

కారణం ఇది. బూజు టిక్కీ అంతటా సమంగా పట్టదు. కొన్ని కాయల్లో విపరీతంగా ఉంటుంది, పక్క కాయలో అసలు ఉండదు. ఆడించాక కొంత సర్దుకుంటుంది గానీ పూర్తిగా కాదు. దాచిన శాంపిల్ ఆ ఉదయం ప్యాకింగ్ మొదలైన అరగంటలోపు తీసిన ఒకే ఒక్క ప్యాకెట్. 4 టన్నుల తరఫున అదొక్కటే సాక్ష్యం చెప్పలేదు. ఫెయిలైన శాంపిల్‌కు పాసైన శాంపిల్ జవాబు కాదు. రెండూ నిజమే అయితే సరుకు ఒకేలా లేదని మాత్రమే అర్థం.

ఇంకో సలహా కూడా వచ్చింది: ఆ 4 టన్నులు వెనక్కి తెప్పించి మంచి పొడితో కలిపి పలుచన చేసి పంపుదామని. యూరప్ చట్టం దీన్ని నేరుగా నిషేధించింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఎక్కడుందో తెలియని దాన్ని ఇంకా నాలుగుచోట్లకు పాకించడమే అవుతుంది.

రెండో ప్రయత్నం: రిజిస్టర్లతో వెనక్కి నడవడం

నాలుగు రిజిస్టర్లు ఉన్నాయి. గేటు రిజిస్టర్‌లో లారీ నంబరు, టిక్కీల లెక్క. ఏరివేత రిజిస్టర్‌లో తొడిమలు, తాలు (రంగు పోయిన నాసి కాయ) తీసే కూలీలకు ఆ రోజు ఎన్ని టిక్కీలు విప్పారన్న లెక్క. అది కూలి కట్టడానికి రాసింది, సరుకు ఆనవాలు కోసం కాదు. గ్రైండింగ్ రిజిస్టర్‌లో మోటారు నడిచిన గంటలు. ప్యాకింగ్ రిజిస్టర్‌లో బ్యాచ్ నంబరు, ప్యాకెట్ల లెక్క. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది తేదీ ఒక్కటే. ‘ఈరోజు విప్పింది రేపు ఆడుతుంది, ఎల్లుండి ప్యాక్ అవుతుంది’ అని అనుకుని కలుపుకుంటూ పోతే కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. మిల్లులోకి వెళ్లి చూస్తే కుదరలేదు.

జల్లెడకూ ప్యాకింగ్ యంత్రాలకూ మధ్య 3 టన్నుల బిన్, అంటే పొడి నిలవ ఉండే పెద్ద తొట్టి, ఉంది. అది సగానికి దిగగానే పైనుంచి కొత్త పొడి వస్తుంది. అడుగు దాకా ఖాళీ చేసి తుడిచేది రెండు వారాలకోసారి, ఆదివారం. కారం పొడిలో నూనె ఉంటుంది, అంచులకు అతుక్కుంటుంది. బిన్ మధ్యలో గొయ్యిలా దిగుతూ ముందు కొత్త పొడి బయటికి వస్తుంది, గోడలకు ఉన్న పాత పొడి తర్వాతెప్పుడో విరిగి పడుతుంది. ముందు పోసింది ముందు వస్తుందన్న లెక్క ఈ బిన్‌కు వర్తించదు.

దీనికి తోడు రీవర్క్ డ్రమ్ము. సీలు సరిగా పడనివి, తూకం తగ్గినవి, చిరిగినవి కత్తిరించి పొడిని నీలం డ్రమ్ములో పోస్తారు, మర్నాడు ఉదయం బిన్‌లో కలుపుతారు. ఆ డ్రమ్ముకు నంబరు లేదు. నిన్నటి పొడి ఇవాళ్టిలోకి, ఇవాళ్టిది రేపటిలోకి గొలుసులా సాగిపోతుంది. గొలుసు తెగేది బిన్ తుడిచిన ఆదివారమే.

కాబట్టి ‘ఈ కాయ ఎంతదాకా వెళ్లి ఉండొచ్చు’ అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పగల జవాబు ఒక్కటే: ఆ ఆదివారం నుంచి మరో ఆదివారం దాకా. మధ్యలో 11 ఉత్పత్తి రోజులు, సుమారు 53 టన్నులు. 19 టన్నులు గోడౌన్‌లో ఉన్నాయి, 34 బయటికి వెళ్లాయి. ఇన్‌వాయిస్‌లో బ్యాచ్ నంబరు రాసే అలవాటు లేదు కాబట్టి 14 మంది డిస్ట్రిబ్యూటర్లకూ ఫోన్ చేసి, ఫలితాలు వచ్చేదాకా అమ్మకం ఆపమనాల్సి వచ్చింది. ఆరు రోజులు. 4 టన్నులతో పోవాల్సిన గొడవ 53 టన్నులైంది. బూజు చేసిన నష్టంకన్నా తెలియకపోవడం చేసిన నష్టం పెద్దది.

11 రోజులకూ వేర్వేరుగా, ఒక్కో రోజు సరుకులో వేర్వేరు అట్టపెట్టెల నుంచి 20 ప్యాకెట్లు తీసి కలిపి పరీక్షకు పంపాం. బీ1 అంకెలు ఇలా వచ్చాయి: మొదటి మూడు రోజులు 1 లోపు. నాలుగో రోజు 6.2. ఐదో రోజు, అంటే ఫిర్యాదు వచ్చిన బ్యాచ్ ప్యాక్ అయిన రోజు, 8 దగ్గర. ఆరో రోజు 5.7, ఏడో రోజు 3.1, ఎనిమిదో రోజు 1.6. తర్వాత మళ్లీ 1 లోపు.

ఈ వరసను కాసేపు చూడాలి. చెడ్డ కాయ రెండు రోజులే ఆడిందనుకుంటే, ఆరో రోజు నుంచి అంకె ఒక్కసారి పడిపోవాలి. పడలేదు, మెట్లు దిగినట్టు దిగింది. ఆ మెట్లే బిన్, ఆ మెట్లే నీలం డ్రమ్ము. గేటు రిజిస్టర్ తిరగేస్తే ఒక లారీ ఎదుట చేతిరాతతో ‘తడి – 62’ అని ఉంది. వానలో పట్టా జారి 62 టిక్కీలు తడిశాయి. తొమ్మిది రోజులు గోడవార అలాగే పడి ఉన్నాయి, తర్వాత కళ్లంలో ఎండబోసి మిగతా కాయతో కలిపేశారు. మేస్త్రీని అడిగితే రెండు రోజులపాటు కలిపామన్నాడు. మనిషి జ్ఞాపకాన్ని నమ్మి సరుకు వదలకూడదు. కానీ ఇక్కడ జ్ఞాపకం, ల్యాబ్ అంకెలు ఒకే మాట చెప్పాయి.

పరిమితి దాటిన మూడు రోజుల సరుకులో గోడౌన్‌లో మిగిలినదాన్ని ఆహారంగా అమ్మకూడదని యజమాని నిర్ణయించాడు. చట్టం అంత అడగలేదు.

మూడో ప్రయత్నం: పొడుగు నంబరు

ఇలాంటి దెబ్బ తిన్న ప్రతి యూనిట్ చేసే పనే ఇక్కడా చేశారు. రకం, కోల్డ్ స్టోరేజీ, లారీ, గ్రైండర్, షిఫ్టు, ప్యాకర్ అన్నీ ఇమిడేలా 19 అక్షరాల నంబరు తయారైంది. మూడు వారాల్లో చేతులెత్తేశారు. ఆపరేటర్ రోజుకు నాలుగుసార్లు కీప్యాడ్ మీద 19 అక్షరాలు కొట్టాలి, తప్పులు పడ్డాయి. ముడత పడిన ఫిల్మ్ మీద ఇంక్‌జెట్ చుక్కలు కలిసిపోయి సగం చదవరాలేదు. డిస్ట్రిబ్యూటర్ గుమస్తా చివరి నాలుగంకెలే రాసుకున్నాడు, అవి అన్ని ప్యాకెట్ల మీదా ఒకటే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, బిన్ అలాగే ఉంది. కలిసిపోయిన పొడికి ఎంత పొడుగు పేరు పెట్టినా అది కలిసిపోయిన పొడే. వివరాలు ఉండాల్సింది రిజిస్టర్‌లో, ప్యాకెట్ మీద ఆ రిజిస్టర్ పేజీ తెరిచే తాళంచెవి ఉంటే చాలు.

పనిచేసిన పద్ధతి

ఈసారి నంబరుతో కాకుండా బిన్‌తో మొదలుపెట్టాం. లాట్ అంటే బిన్ ఖాళీ నుంచి ఖాళీ దాకా వచ్చిన పొడి. తేదీ మారినా లాట్ మారదు. ప్యాకింగ్ అర్ధరాత్రి దాటినా అదే నంబరు నడుస్తుంది.

ఎంత పెద్ద లాట్ అన్నది తేల్చడానికే ఎక్కువ సమయం పట్టింది. చిన్నదైతే ఆపాల్సిన సరుకు తగ్గుతుంది, కానీ ప్రతిసారీ బిన్ ఖాళీ చేయాలి, పరీక్షలూ పెరుగుతాయి. పెద్దదైతే దానికి తిరగబడుతుంది. బిన్ దించి, అడుగున గరాటులా ఉండే కోన్‌ను రబ్బరు సుత్తితో తట్టి, బ్రష్‌తో తుడవడానికి 25 నిమిషాలు పడుతోంది. రోజుకు రెండుసార్లయితే ఓర్చుకోవచ్చు, మూడోసారంటే మేస్త్రీ వదిలేస్తాడు. వదిలేసే నియమం కంటే లేని నియమం మేలు, కనీసం లేదని తెలుస్తుంది. అందుకే లాట్ గరిష్ఠంగా 2.5 టన్నులు, రోజుకు రెండు.

కాయ దగ్గర: ఒక లారీలో ఎన్ని యార్డు లాట్లు లేదా కోల్డ్ స్టోరేజీ లాట్లు వస్తే అన్ని వేర్వేరు రాశులు. ప్రతి రాశికీ వరస నంబరు వేసిన అట్ట, టిక్కీకి దారంతో కట్టాలి. ఏజెంటు చీటీ జిరాక్స్ ఆ నంబరు కిందే అంటించాలి. ఏరివేత గచ్చు మీద పసుపు రంగుతో ఆరు గడులు గీశారు, ఒక గడిలో ఒకే రాశి. ఒక పొడి లాట్‌లోకి మూడు రాశులకు మించి వెళ్లకూడదు, ఒక్కోదాని తూకం రాయాలి. తడి టిక్కీ వస్తే ఎర్ర అట్ట. తేమ కొలిచి 11 శాతం దాటితే ఎండాక కూడా విడిగానే ఆడించాలి, ఫలితం వచ్చాకే వదలాలి. పరీక్ష కాయ మీద కాక పొడి మీద పెట్టడానికి కారణం పైన చెప్పిందే: కాయలో బూజు చుక్కలుగా ఉంటుంది, చేతికందిన గుప్పెడులో పడకపోవచ్చు.

రీవర్క్ డ్రమ్ము మూత మీద ఇప్పుడు లాట్ నంబరు ఉంటుంది. ఆ లాట్ ముగిసేలోపు అందులోకే కలపాలి. వీలు కాకపోతే ఒకే ఒక్క లాట్‌లోకి, 2 శాతం మించకుండా, రాసి కలపాలి. అలా కలిసిన లాట్ నుంచి వచ్చిన తుక్కు మళ్లీ రీవర్క్‌కు పోదు. ఈ చివరి వాక్యం లేకపోతే గొలుసు తెగదు. మిగతా నియమాలన్నీ పెట్టి దీన్ని వదిలేసిన మిల్లులు చాలా ఉంటాయి.

ఆ తర్వాతే నంబరు. 5231సీ2 అంటే: 5 సంవత్సరం చివరి అంకె, 231 ఆ ఏడాదిలో ఎన్నో రోజు అన్నది, అంటే ఆగస్టు 19, సీ ఆ రోజు రెండో లాట్, 2 ప్యాకింగ్ యంత్రం. రోజు అంటే లాట్ ఆడించడం మొదలైన రోజు. ప్యాకింగ్ తేదీ విడిగా, పక్కన గంటా నిమిషమూ పడతాయి. మొదటి లాట్‌కు ఏ, రెండోదానికి సీ. మధ్యలో బీ ఎందుకు లేదంటే, చుక్కల ఇంక్‌జెట్‌లో ఇంగ్లిష్ బీ అక్షరం 8 లాగా కనిపిస్తుంది. డీ, ఓ సున్నాలాగా, ఐ ఒకటిలాగా కనిపిస్తాయి, అవీ వాడరు. ఏడాదిలో ఎన్నో రోజో చూసుకునే క్యాలెండర్ ఒకటి నంబరు అచ్చేసే కోడర్ పక్కన అంటించారు, లీపు సంవత్సరానికి వేరే అట్ట. పొడికి గడువు 12 నెలలే కాబట్టి సంవత్సరానికి ఒక్క అంకె చాలు.

ప్యాకింగ్ రిజిస్టర్‌లో నంబరు చేత్తో రాయడం ఆపించాం. లాట్ మొదలయ్యాక వచ్చిన తొలి ప్యాకెట్, ఆఖరి ప్యాకెట్, ఫిల్మ్ రోల్ మార్చిన ప్రతిసారీ ఒక ప్యాకెట్: కోడ్ పడిన ముక్క కత్తిరించి పేజీకి అంటించాలి. చేత్తో రాసే నంబరు ఆపరేటర్ అనుకున్న నంబరు. అంటించింది ప్యాకెట్ మీద నిజంగా పడిన నంబరు. మొదటి వారంలోనే రెండు పేజీల్లో నిన్నటి కోడ్ దొరికింది.

లెక్క సరిచూడడం

లాట్ ముగియగానే తూకాలు కూడాలి. ఒక లాట్ చూడండి. లోపలికి వెళ్లిన కాయ 2,740 కిలోలు. తొడిమ, తాలు, మట్టి 168. ఆరుదల, ధూళి 58. పొడి 2,514 రావాలి. లెక్కకు వచ్చింది: 25 కిలోల సంచులు 60, అంటే 1,500, 200 గ్రాముల ప్యాకెట్లు 4,890, అంటే 978, రీవర్క్ 22, నేల ఊడ్చి పారేసింది 9, మొదట, మధ్య, చివర తీసి కలిపి దాచిన శాంపిల్ 2. మొత్తం 2,511. తేడా 3 కిలోలు.

తగ్గితే అందరూ కంగారు పడతారు, ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. నిజానికి భయపడాల్సింది ఎక్కువైనప్పుడే. సరుకు వెనక్కి తెప్పించడానికి సాధనగా చేసిన మొదటి ఉత్తుత్తి రీకాల్‌లో 2,460 కిలోలు తయారైన లాట్‌కు, పంపినదీ గోడౌన్‌లో ఉన్నదీ కలిపి 2,610 తేలింది. లేని 150 కిలోలు ఎక్కడివి? సరిగ్గా ఆరు సంచులు. ముందు లాట్‌కు అచ్చేసి మిగిలిన ఆరు లేబుళ్లను పారేయడం ఎందుకని తర్వాతి లాట్ సంచులకు అంటించారు. రీకాల్ నిజమైతే ఆ ఆరు సంచులు అనవసరంగా వెనక్కి వచ్చేవి, అది నష్టమే గానీ ప్రమాదం కాదు. తిరగబడితే, అంటే చెడ్డ లాట్ పొడి మంచి లాట్ నంబరుతో వెళితే, దాన్ని వెతికి పట్టే దారే లేదు. అప్పటినుంచి లేబుళ్లకు కూడా లెక్క: ఇచ్చినవి, అంటించినవి, చించినవి. ఈ మూడూ కూడకపోతే లాట్ మూయరు.

ఆ మొదటి ఉత్తుత్తి రీకాల్‌కు 6 గంటల 40 నిమిషాలు పట్టింది. నాలుగోసారి 1 గంట 50 నిమిషాలకు దిగింది. తగ్గిన సమయంలో సింహభాగం మిల్లులో చేసిన మార్పుల వల్ల కాదు, ఇన్‌వాయిస్‌లో లాట్ వారీగా పెట్టెల లెక్క వేయడం వల్ల. రెండు లాట్లు కలిసిన పెట్టెకు రెండు నంబర్లు రాస్తారు. 4,890 ప్యాకెట్లంటే 50 చొప్పున 97 పెట్టెలు నిండి ఇంకా 40 మిగులుతాయి, ఆ మిగిలే పెట్టె దగ్గరే ఎప్పుడూ జారుతుంది.

ఐదు నెలల తర్వాత

ముక్కవాసన వస్తోందని ఒక పచ్చళ్ల తయారీదారు ఫిర్యాదు చేశాడు. సంచి మీది నంబరు చెప్పగానే పేజీ తెరిచారు: మూడు రాశులు, అందులో ఒకటి మరో లాట్‌లోకీ వెళ్లింది. రెండు లాట్లు కలిపి 4.7 టన్నులు ఆపారు, మిగతా మిల్లు నడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికల్లా ఆ రాశిలో మిగిలిన టిక్కీలు గోడౌన్‌లో దొరికాయి. కట్టిన అట్ట ఇంకా ఉంది.

దీనికి కట్టిన ధర కూడా చెప్పాలి. బిన్ ఖాళీ చేసే సమయం వల్ల రోజుకు 200 కిలోల దాకా ఉత్పత్తి తగ్గింది. గచ్చు మీద గడులు సరిపోక సీజన్‌లో ఏరివేత ఆలస్యమవుతోంది. జల్లెడ మీద మిగిలే ముతక మళ్లీ గ్రైండర్‌కు వెళ్లే గొట్టంలో ప్రతి మార్పుకూ కొన్ని కిలోలు ఉండిపోతూనే ఉన్నాయి. ప్రస్తుతానికి లాట్ మారాక వచ్చిన మొదటి 10 కిలోలను పాత లాట్ రీవర్క్‌గా రాస్తున్నారు.

ఇంకా తేలనిది కోల్డ్ స్టోరేజీ వైపు. అక్కడ ఒకే పేరు మీద పెట్టిన సరుకులో ఇద్దరు ముగ్గురు రైతుల టిక్కీలు ముందే కలిసి ఉంటున్నాయి. మిల్లు ఇచ్చే రాశి నంబరు అంతకంటే వెనక్కి వెళ్లలేదు. ఈ సీజన్ నుంచి యార్డు లాట్ నంబరును టిక్కీ మీద రంగుతో రాసి పెట్టమని కమీషన్ ఏజెంట్లను అడుగుతున్నారు, ఇప్పటికి ఇద్దరు ఒప్పుకున్నారు.